రోజుకు రెండు చిటికెలు

ఆ రోజు పొద్దున మామగారు పెట్టుకున్న పనుల్లో పెద్ద విశేషమేమీ లేదు. తొమ్మిదింటికి కోడలి పళ్ళ క్లినిక్‌కు వెళ్ళడం, పేషెంట్లు చదివే పత్రికలను అంచులు కలిపి సర్దడం, పదింటికి టీ తాగడం. నిరుడు ఒకరి కట్టుడు పళ్ళను మరొకరికి పొట్లం కట్టి ఇచ్చిన దగ్గరినుంచి ఆయనకు అక్కడ అంతకు మించిన బాధ్యత ఎవరూ అప్పగించలేదు. అది ఆయనకు లోపల బాగానే గుచ్చుకుంది.

అందుకే కోడలు రైలెక్కుతూ ఫోన్ చేసినప్పుడు ఆయన లేచి నిలబడి మరీ మాట్లాడారు. ఆమె డాక్టర్ల సమావేశానికి వెళ్తోంది, మూడో రోజుకు వచ్చేస్తుంది. పేషెంట్లను చిన్న డాక్టరు చూసుకుంటాడు. మిగిలింది హాల్లో ఉన్న ఉప్పునీటి చేపలతొట్టి. చిన్నపిల్లలు ఆ చేపలను చూస్తూ తప్ప నోరు తెరవరు.

"మామయ్యగారూ, చేపల్ని మీ చేతిలో పెడుతున్నా. చాలా సున్నితమైనవి. పొద్దున చిటికె... సాయంత్రం చిటికె... అంతే! అంతకుమించి వేస్తే చచ్చిపోతాయి. నీళ్ళలో గాలి మాత్రం తగ్గకుండా చూడండి."

"నువ్వు నిశ్చింతగా వెళ్ళిరామ్మా!"

కోడలు అన్నది 'చిటికెడు' అని. రెండుసార్లూ ఆ 'డు'ను రైలు కూత మింగేసింది.

మామగారు తొట్టి ముందు నిలబడి, గొంతు సవరించుకుని, కుడిచేత్తో ఒక చిటికె వేశారు. పసుపుపచ్చది, నీలంది, తెల్లచారల నారింజరంగువి రెండూ గిరుక్కున తిరిగి చూశాయి. మరి తిండో? తొట్టి వెనక అన్ని గొట్టాలూ వైర్లూ ఉన్నాయి కదా, వాటిలో ఏదో ఒకటి ఆ పని చూసుకుంటుందని ఆయన నమ్మకం.

"ఏంటండీ, చేపల్ని పిలుస్తున్నారా?" అన్నాడు పిప్పిపన్నుతో రోజూ వచ్చే టైలరు, బుగ్గ పట్టుకుని.

"వైద్యం! రోజుకు రెండే. మూడోది పడిందా, గుండె ఆగిపోతుంది వీటికి."

టైలరు సరదాకి తనూ వేళ్ళు కలపబోయాడు. మామగారు ఆ చేతిని గాల్లోనే పట్టుకున్నారు. పది నిమిషాల్లో గోడమీద ఒక అట్ట వెలిసింది: 'ఇచ్చట చిటికెలు వేయరాదు.' సాయంత్రానికి దాని కింద 'చప్పట్లు కూడా' అని చేరింది. మర్నాడు ఒకావిడ తుమ్మాక ఇంకో వరుస పెరిగింది.

రెండోరోజు చిటికె వేయగానే చేపలన్నీ అద్దం దగ్గరికి పరుగెత్తుకొచ్చాయి.

"చూశావా, నన్ను గుర్తుపట్టాయి!"

"ఆకలేస్తున్నట్టుందండీ."

"నీకు పన్ను నొప్పి. ఏది చూసినా తిండే గుర్తొస్తుంది," అన్నారు మామగారు జాలిగా.

మూడోరోజు పొద్దున హాలు మరీ నిశ్శబ్దంగా ఉంది. ఎప్పుడూ వినిపించే గుడగుడ లేదు. చెవులకు హాయిగా ఉందనుకుని మామగారు కుర్చీలో కూర్చున్నారు. చేపలు నీళ్ళపైకి వచ్చి నోళ్ళు తెరిచి మూస్తున్నాయి.

"ఇంకా నిద్ర తీరలేదు పాపం, ఆవలిస్తున్నాయి."

"ఆవలింతలు కాదండీ, ఊపిరాడట్లేదు! బుడగలేవీ?" అన్నాడు టైలరు.

మామగారు ఒక్క ఉదుటున లేచి తొట్టి వెనక్కి తొంగిచూశారు. మోటారు చిన్నగా మూలుగుతోంది గానీ గాలి రావడం లేదు. కోడలికి ఫోన్ కలవలేదు. చేపల షాపతను గంటలో వస్తానన్నాడు. ఇవి పోతే రేపటినుంచి పత్రికలు సర్దే పని కూడా ఉండదు. 'మీ చేతిలో పెడుతున్నా' అన్న కోడలి మాట గుర్తొచ్చి ఆయనకు ఏడుపొచ్చినంత పనయింది.

వెంటనే మూత తీసేశారు. టేబుల్ ఫ్యాను తెచ్చి నీళ్ళమీదికి తిప్పారు. శుభ్రమైన గ్లాసుతో నీళ్ళు ముంచి, వేడి టీ చల్లార్చేటప్పటిలా చెయ్యెత్తి పైనుంచి ధారగా పోయడం మొదలుపెట్టారు. ఐదు నిమిషాల్లో భుజం పట్టేసింది.

"రండి బాబూ, తలా ఇరవై గ్లాసులు!"

ముందు టైలరు అందుకున్నాడు. తర్వాత మిగిలినవాళ్ళు వరుస కట్టారు. లోపల చిన్న డాక్టరు ఒకావిడకు మత్తు ఇంజక్షన్ ఇచ్చి, చేతులు కడుక్కుని తిరిగేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. బయట ఆవిడ సగం మూతితో లెక్కపెడుతూ పోస్తోంది. "పజ్జెనిమిజి... పంజొమ్మిజి..."

చిన్న డాక్టరు హడావుడిగా ఫోన్ చేశాడు. ఈసారి కలిసింది. "మేడమ్, మీ మామగారు చేపలకు టీ చల్లారుస్తున్నారు!"

అప్పుడే రైలు దిగిన కోడలు పెట్టెతో సహా ఉన్నపళంగా వచ్చేసింది. గుమ్మంలో, అప్పుడే వస్తున్న షాపతను కలిశాడు. అతను గాలిగొట్టం బయటికి లాగి చూపించాడు. కొసన ఉప్పు పేరుకుని బిరడాలా బిగుసుకుపోయింది. దాన్ని గీకి పెట్టగానే గుడగుడ మొదలైంది. చేపలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. అతను చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు.

కోడలు సొరుగు తెరిచింది. "మామయ్యగారూ, మేత డబ్బాకి సీలైనా తియ్యలేదేంటి?"

"మేతా? నువ్వు చిటికెలు వెయ్యమన్నావు కదమ్మా. ఒక్కటి కూడా తప్పకుండా వేశాను," అని ఆయన వేసి చూపించారు. నాలుగు చేపలూ అద్దానికి అతుక్కున్నాయి.

కోడలు డబ్బా వంక చూసింది, ఆయన వేళ్ళ వంక చూసింది. మామగారు కూడా తన వేళ్ళనే చూసుకున్నారు. బొటనవేలూ చూపుడువేలూ ఇంకా కలిసే ఉన్నాయి, మేత తీయడానికి ఎలా కలపాలో అలాగే. ఆయన మొహం పాలిపోయింది. "మూడు రోజులు పస్తులుంచానా తల్లీ?" అన్నారు.

అంతలో షాపతను చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఎవరండీ మేత ఆపింది? పైన తెట్టు లేదు, అడుగున మిగులు లేదు! ఈ నీళ్ళలో మేత పడుంటే కుళ్ళి, ఉన్న కాస్త ప్రాణవాయువూ తినేసేది. ఒక్కటి మిగిలేది కాదు. పైగా ఈ ఫ్యానూ, ఈ ధారా... ఎవరి బుర్రండీ ఇది?"

మామగారు పత్రికల దొంతర వైపు తిరిగి, సర్దిన అంచులనే మళ్ళీ సర్దుతున్నారు.

"మా మామగారిది," అంది కోడలు తొణక్కుండా. "చేపల సంగతి మొత్తం ఆయనదే." డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టి, చెవి దగ్గర మెల్లగా అంది: "సాయంత్రం చిటికె-డు, మామయ్యగారూ."

ఆయన తల ఊపి, డబ్బాను జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నారు.

వెళ్తూ వెళ్తూ షాపతను ఆయన్ని పక్కకు పిలిచాడు. "సార్, ఇందాక మీరు చిటికె వేస్తే చేపలు పరుగెత్తుకు రావడం లోపల్నుంచి చూశాను. మా షాపులో నాలుగు చేపలు వారంనుంచి మేత ముట్టట్లేదు. ఒక్కసారి వచ్చి చిటికె వేస్తారా?"

మామగారు కాసేపు ఆలోచించి, బుధవారం ఖాళీ ఉందన్నారు.