గోడల్లోంచి వచ్చిన ఇంటర్వ్యూ

దువ్వాడలో తిరుమలరావు ఇంట్లో ఆ రోజు పొద్దున్న వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి ఆయన కూతురు చంద్రిక మేడమీద గదిలో కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. హైదరాబాదు నుంచి గౌరీశ్వరి అనే మేనేజరమ్మ తెరమీద కనిపించి నాలుగు ప్రశ్నలు అడుగుతుంది. ఉద్యోగం వస్తుంది. అందరూ గారెలు తింటారు. ఇందులో చెడిపోవడానికి ఏముంది చెప్పండి?

ఉద్యోగమేమిటంటే, ఇంట్లో ఇంటర్నెట్ రావడం లేదని ఫోన్ చేసేవాళ్లకు తెలుగులో ధైర్యం చెప్పి, వాళ్ల చేతే బాగుచేయించడం. అది రెండువేల తొమ్మిది. కంపెనీలు ఉన్న మనుషుల్నే ఇంటికి పంపేస్తున్న రోజులు. చదువు ముగించుకున్న చంద్రికను ఇంటర్వ్యూకి పిలిచినవాళ్లు వీళ్లొక్కరే. ఇదీ తప్పితే కూర్మన్నపాలెంలో తన స్నేహితుడి సిమెంటు కొట్లో బిల్లులు రాయడానికి వెళ్లాల్సిందేనని తండ్రి ముందే తేల్చేశాడు.

ఇంటర్నెట్ మోడెం కింద హాల్లో టెలిఫోను దగ్గర ఉంది. పైకి తీగ లాగాలంటే గోడకు బెజ్జం పెట్టాలి. దసరాకి కొత్తగా రంగులు వేయించిన గోడలమీద తిరుమలరావు కాకిని కూడా వాలనివ్వడు. అందుకని చంద్రిక ఒక డబ్బాల జత కొనుక్కొచ్చింది. మోడెం పక్కన ప్లగ్గులో ఒకటి, మేడమీద ప్లగ్గులో ఒకటి గుచ్చితే, ఇంటి కరెంటు తీగల్లోంచే ఇంటర్నెట్ పైకి పాకుతుంది. పై డబ్బాకి కందిబద్దంత దీపం ఉంటుంది. ఆకుపచ్చగా వెలిగితే అంతా బాగున్నట్టు. ఎర్రగా వెలిగితే మిక్సీయో మోటారో లైనుకు అడ్డుపడుతున్నట్టు.

ఆ దీపానికి ఆ పొద్దున్నే తిరుమలరావు తల్లి దేముడమ్మ బొట్టు పెట్టింది. మొన్న ఆయుధపూజకి ఇంట్లో మిక్సీకీ ఫ్రిజ్జుకీ కంప్యూటర్‌కీ అన్నిటికీ పసుపు రాసి, నూనెలో కలిపిన కుంకుమతో బొట్లు పెట్టిన మనిషి, మనవరాలి బతుకు మార్చే డబ్బాను బోడిగా వదిలేస్తుందా? సరిగ్గా దీపం మీదే చక్కగా అద్ది, దండం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఈ సంగతి ఆమెకు తెలుసు, ఇప్పుడు మనకూ తెలిసింది. మిగతావాళ్లకు తెలియదు.

పదకొండు కావస్తుండగా చంద్రిక మంచం పక్కకు వంగి చూసి గతుక్కుమంది. "నాన్నా! దీపం ఎర్రగా ఉంది!"

తిరుమలరావు స్టీలుప్లాంటులో కొలిమిని అదిలించిన గొంతుతో పైకి వచ్చాడు. "ఏటే, ఏటయ్యింది? ఎరుపా? ఐతే ఈ తెరే కరెంటు పాడుసేత్తంది!" అంటూ మానిటర్ ప్లగ్గు పీకేశాడు. పనిలో పనిగా స్పీకర్లదీ పీకేశాడు.

"నాన్నా, ఒక్కసారి తెరమీద చూద్దాం..."

"దీపం ఎర్రగా ఉంటే తెరలో ఏటి సూత్తావ్? నీ మొకం కనిపిత్తాదా?"

కంప్యూటర్ డబ్బాను మాత్రం వదిలేశాడు. దానిమీద కెమెరా కన్నూ, మైకు చెవీ తెరుచుకునే ఉన్నాయి. కంగారులో చెయ్యి తప్పు మీట నొక్కుతుందని, కాల్ వస్తే దానంతటదే ఎత్తుకునేలా చంద్రిక రాత్రే అమర్చింది కూడా.

తర్వాత ఫ్రిజ్జు ఆగింది. ఫ్యాన్లు ఆగాయి. నీళ్ల మోటారు ఆగింది. దీపం ఎర్రగానే ఉంది. వంటింట్లో గ్రైండరు కూడా ఆగేసరికి దేముడమ్మ పిండి చేతులతో మెట్లెక్కింది.

"ఓలమ్మ, నా గారెల పప్పు సగంలో ఆగిపోనాది! ఎవులాపీసినారు?"

"మామ్మా, కంగారుపడకు. పిండి ఎలా ఉంది, బరగ్గా ఉందా?"

"రవ్వనాగుంది."

"అయితే మంచిదే. మూతపెట్టి ఉంచు. ప్లగ్గులు పెట్టగానే నీదే మొదట తిప్పుతాను."

"దీపం ఎర్రగుందని ఈ గోలా? ఎరుపు మంచిదే కదే గుంటా!" అని దేముడమ్మ మంచంమీద కూలబడింది.

తిరుమలరావు కిటికీలోంచి పక్కింటికి కేకేశాడు. "సూర్యకాంతమ్మగారూ! మీ బట్టల మిషనాపండి! మా అమ్మాయి ఉజ్జోగం పోతంది!"

పక్కింటి సూర్యకాంతమ్మది భీమవరం. మిషన్ ఆపింది కానీ, ఊరుకోలేక దాని తలుపు కూడా తెరిచింది. కాసేపటికి పాదాలనుంచి నీళ్లోడుతూ గదిలోకి వచ్చింది. "ఏమండీ అన్నయ్యగారూ, ఇల్లంతా గోదారైపోయిందండీ!"

"పిన్నిగారూ, ఏం ఫర్వాలేదు," అంది చంద్రిక. "ముందు గోడ దగ్గర ప్లగ్గు తీశారా? లేదా? అయితే తడిచేత్తో ముట్టుకోకండి. చేతులు తుడుచుకుని, కాళ్లకు చెప్పులు వేసుకుని తీయండి. తర్వాత పాత దుప్పటి పరవండి."

సూర్యకాంతమ్మ ఆ పని చూసుకుని, ఏం జరుగుతుందో చూద్దామని మళ్లీ వచ్చింది. దీపం ఎర్రగానే ఉంది.

"వెల్డింగ్! వెల్డింగే ఇదంతా!" అని తిరుమలరావు వీధిలోకి పరిగెత్తి, ఎదుటి షెడ్డులో గేట్లు చేసే నీలకంఠాన్ని రెక్కపట్టుకుని లాక్కొచ్చాడు. నల్లద్దాల ముసుగు నెత్తిమీద అలాగే ఉంది.

"ఏటి బావా ఇది! గేటు సగమే అతికింది. ఓనరొచ్చి నా పీక నొక్కేత్తాడు!"

"మామయ్యా, మీరు ఓనర్‌తో తప్పు నాదేనని చెప్పండి. పది నిమిషాలు కూర్చోండి, మంచినీళ్లు తాగండి. ఆ ముసుగు తీస్తే చెమట తగ్గుతుంది," అంది చంద్రిక.

ఫ్యాన్లు లేని ఆ గదిలో అయిదుగురు మనుషులు డబ్బా చుట్టూ వంగి ఆవిరిపట్టినట్టు కూర్చున్నారు. తిరుమలరావు అరుస్తూనే ఉన్నాడు. చంద్రిక కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ గొంతు మాత్రం పెరగలేదు.

అప్పుడు దేముడమ్మ నిట్టూర్చింది. "అమ్మవోరికి కోపమొచ్చినట్టుంది. బొట్టు సరిగ్గా ఎట్టనేదేమో," అంటూ వంగి, చీరకొంగుతో దీపాన్ని తుడిచింది.

ఆకుపచ్చ.

"వొచ్చింది!" అని గదంతా గావుకేక పెట్టింది. దేముడమ్మ సంతోషంగా నడుముకు దోపుకున్న కుంకుమభరిణె తీసి కొత్తబొట్టు అద్దింది. ఎరుపు.

తిరుమలరావు తల్లి చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా! ఏటి సేసినావ్?"

"బొట్టెట్టినాను. పొద్దున్నా నానే ఎట్టినాను. తప్పా?"

చంద్రిక మానిటర్, స్పీకర్ల ప్లగ్గులు గుచ్చింది. తెర వెలిగింది. దాన్నిండా గౌరీశ్వరి. ముందున్న టీ కప్పు ఎప్పుడో ఖాళీ అయినట్టుంది. కళ్లు తుడుచుకుంటోంది, నవ్వు ఆగక.

"పదకొండింటికే కలిసిందమ్మా కాల్," అందావిడ. "నేను పిలుస్తూనే ఉన్నాను, మీకు వినబడలేదు. ఇంకా ఎవరైనా వచ్చేవాళ్లున్నారా?"

"మేడమ్, క్షమించండి, నేను..."

"ఎందుకు? నేను అడగాల్సినవి మూడే. కోపంలో ఉన్నవాళ్లతో ఎలా మాట్లాడతావు, కంగారులో ఉన్నవాళ్లకు ఎలా చెబుతావు, తప్పు నీది కానప్పుడు ఎలా ఓర్చుకుంటావు. మూడూ చూసేశాను. దీపం చూసి తెరను నమ్మకపోవడం ఒక్కటే లోటు, అది మేం నేర్పుతాం. ఒకటో తారీకున చేరగలవా?"

నీలకంఠం ఈల వేశాడు. సూర్యకాంతమ్మ గారెలు ఎప్పుడని అడిగింది. తిరుమలరావు జబ్బలు చరుచుకుని, ఇదంతా తన చలవేనని మేనేజరమ్మకు చెప్పబోతే, ఆవిడ అప్పటికే సెలవు తీసుకుంది.

ఒకటో తారీకున చంద్రిక చెవులకు ఫోను తగిలించుకుని కుర్చీలో కూర్చోగానే మొదటి ఫిర్యాదు దువ్వాడ నుంచి వచ్చింది. ఆమె తండ్రిని "సార్" అని పిలిచి, దయచేసి లైన్లో ఉండమంది.