అద్దానికి కాపలా

ఆ బుధవారం ఉదయం అద్దాల వ్యాపారి వేసుకున్న ప్లాను చిన్నదే. భార్యను డాన్సు క్లాసు దగ్గర దించాలి, వెళ్లి దుకాణం తెరవాలి. మొదటిది సజావుగా జరిగింది. దుకాణం ముందు తాళాల కోసం స్కూటర్ డిక్కీ తెరిస్తే, అడుగున ఒక పొట్లంలో నాలుగు బోల్టులు కనిపించాయి.

నిన్న ఆ డాన్సు క్లాసు గోడకు నిలువెత్తు అద్దం బిగించమని ఫిట్టరుకు తను ఇచ్చినవి ఎనిమిది. అంటే గోడకు పడ్డవి నాలుగే. అరవై కిలోల అద్దం. దాని ముందు పదహారు మంది ఆడవాళ్లు, మొదటి వరసలో తన భార్య. ఎంతటి లెక్కనైనా క్షణంలో తేల్చే మనిషి ఈ లెక్కను మూడుసార్లు వేసి చూశాడు. ఫిట్టరుకు ఆరుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. పొట్లం జేబులో వేసుకుని స్కూటర్ వెనక్కి తిప్పాడు.

మెట్లెక్కుతూ ఇంకో లెక్క వేశాడు. అద్దం పడుతుందని అరిస్తే, రేపటినుంచి తన అద్దం ఎవరూ కొనరు. అరవకపోతే భార్య... అక్కడితో ఆలోచన ఆగిపోయింది. గంటసేపు తనే పట్టుకుని నిలబడితే రెండువైపులా నష్టం ఉండదనిపించింది. పాట హోరులో నేరుగా వెళ్లి, అద్దానికి వీపు ఆనించి, చేతులు బార్లా చాపి, అరచేతులు అదిమి నిలబడ్డాడు.

ఆ క్లాసులో బుధవారం పాఠం ఉండదు. వరసల ముందు ఎవరు నిలబడితే, మిగతావాళ్లు నోరెత్తకుండా వాళ్లు చేసినట్టే చేయాలి. ఈ సంగతి భార్య అతనికి మూడుసార్లు చెప్పింది. అతను మూడుసార్లూ “ఊఁ” అన్నాడు.

పదహారు మంది చేతులు బార్లా చాపారు. వెనక్కి జరగమని చెయ్యి ఊపాడు. పదహారు చేతులు ఊగాయి. వద్దని తల అడ్డంగా తిప్పాడు. పదహారు తలలు తిరిగాయి. అరచేతుల కింద అద్దం వణుకుతున్నట్టు తెలిసి అతని కాళ్లలో వణుకు పుట్టింది. ముప్పై రెండు కాళ్లు వణికాయి. నేల దద్దరిల్లింది. దాంతో అతను ఇంకా వణికాడు.

“బాగుంది బాబుగారూ, ఆపకండి. నడుము కూడా కలపండి” అంది డాన్సు టీచరు.

“మా ఆయనే” అని పద్ధతి మరిచి పక్కావిడ చెవిలో చెప్పింది భార్య, కాళ్లు వణికించడం మానకుండా. “ఇంట్లో మంచినీళ్లకి కూడా లేవరు. ఇక్కడ చూడు.”

ఆ వణుకుకు జేబులోని పొట్లం జారి కాలి బొటనవేలి మీద పడింది. అతను ఒంటికాలి మీద గెంతాడు. పదహారు మందీ ఒక్కసారే గెంతారు. గోడ నుంచి ధన్‌మని మోత వచ్చింది. అతను కళ్లు మూసుకుని, దుకాణాన్ని వదులుకున్నాడు.

“పారిపోండి, అద్దం పడిపోతోంది! నాలుగు బోల్టులే ఉన్నాయి!”

పాట ఆగింది. గుమ్మం దగ్గర రొప్పుతూ ఫిట్టరు నిలబడి ఉన్నాడు.

“ఎనిమిదీ ఉన్నాయండీ. మీరిచ్చినవాటిలో నాలుగు పొట్టివి. నా దగ్గరున్న పొడుగువి వేసి, ఆ నాలుగూ మీ డిక్కీలో పెట్టాను. ఫోన్లు చూసి అద్దానికేమైందోనని పరిగెత్తుకొచ్చా.”

“మరి వణికింది కదయ్యా?”

“అద్దం వణకలేదండీ” అన్నాడు ఫిట్టరు, మర్యాదగా.

అందరూ నవ్వారు, భార్య తప్ప. “నాకోసం వచ్చారా, దుకాణం పరువు కోసమా?”

“రెంటికీ.” బేరమాడే ఓపిక లేదతనికి. “బయల్దేరినప్పుడు నువ్వే. మెట్ల మీద కొంచెం దుకాణం.”

ఆవిడ కుర్చీ లాక్కొచ్చి వేసింది. “కూర్చోండి. కాళ్లింకా వణుకుతున్నాయి.”

పాట మళ్లీ మొదలైంది. ఇంట్లో మోకాళ్లు పట్టుకుని లేచే తన భార్య, ఇప్పుడు గిర్రున తిరిగి, తిరిగినందుకు తనే నవ్వుకుంది. ఏం గిట్టుతుందని వీళ్లంతా గెంతుతారని ఇన్నాళ్లూ ఎగతాళి చేసేవాడు. వరసంతా పరకాయించి చూశాడు. ఎవరికీ ఏమీ గిట్టడం లేదు. ఏ ముఖంలోనూ ఆ లోటు కనిపించలేదు. చూస్తూ కూర్చున్న తనకూ ఏమీ గిట్టడం లేదని, దుకాణం ఇంకా తెరవలేదని, పాట అయిపోయాక గాని గుర్తురాలేదు.

వెళ్లేముందు టీచరుతో, ఇంత పెద్ద అద్దాన్ని ప్రతి బుధవారం తనే వచ్చి గంటసేపు పరీక్షించాలని చెప్పాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఇలాంటి పరీక్ష గురించి ఎన్నడూ వినని ఫిట్టరు, చాలా అవసరమన్నట్టు తల ఊపాడు.