బర్నబా ఉండగా ఇంకొకడెందుకు

ఆదివారం చర్చి నుంచి నేరుగా హాకీ సంఘం మీటింగుకు వెళ్లి, ఒకే ఒక్క మాట చెప్పి, ఇంటికొచ్చి మోకాళ్లకు కాపడం పెట్టుకుని పడుకోవాలని బర్నబా పొద్దున్నే అనుకున్నాడు. మాట చిన్నదే. రంగూన్‌లోని మింగళ తౌంగ్‌న్యున్ పేట తెలుగు జట్టు పదకొండేళ్ల తర్వాత ఫైనల్‌కు వచ్చింది. సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడుతున్న తనకేమో నలభై నాలుగేళ్లు. ఈసారి గోల్స్ అన్నీ పక్కవాళ్లే వేశారు. ఏటి అవతల దలాలో హరి అని మంచి ఆటగాడున్నాడు. వాడి ఆఫీసు జట్టును మూసేశారు కాబట్టి ఖాళీగానే ఉన్నాడు. వాణ్ని తీసుకోండి, నన్ను వదిలేయండి. అంతే.

తెలుగువాళ్ల మొహమాటం ఒక్కటే అయితే ఏదోలా నెగ్గుకురావచ్చు. నాలుగు తరాలుగా రంగూన్‌లో ఉన్నవాళ్లకు దానికి బర్మావాళ్ల ఆనాదే కూడా తోడైంది. ఎదుటివాడు నొచ్చుకుంటాడని నిజాన్ని మింగేయడమే ఆనాదే. ఇక్కడ అది మర్యాద కింద లెక్క.

బర్నబా నోరు తెరిచేలోపే సంఘం అధ్యక్షుడు అచ్చెన్న హరి సంగతి తనే ఎత్తాడు.

"బర్నబా ఉండగా ఇంకొకడెందుకు? ఆడి మనసు నొచ్చుకోదేటి?"

పెద్దమనిషి అంత మాటన్నాక కాదంటే ఏం బాగుంటుంది? మీ ఇష్టం అన్నాడు బర్నబా. ఆ గొంతులోని నీరసం విని, పాపం నిజంగానే నొచ్చుకున్నాడని అందరూ బాధపడ్డారు. బాధ తీరడానికి అక్కడికక్కడే అతణ్ని కెప్టెన్‌ని చేశారు.

మంగళవారం అరటిపళ్లు పట్టుకుని అచ్చెన్న ఇంటికి వెళ్లి, మోకాళ్లు బాగోలేవని చెప్పాడు. ముసలాడివయ్యావని ఎవరో వెక్కిరించి ఉంటారని అచ్చెన్న తేల్చేశాడు. మర్నాటి నుంచి రోజూ తెల్లారేసరికి మాలీషు చేసేవాడు గుమ్మంలో నిలబడుతున్నాడు. ఆ మాలీషు దెబ్బకు బాగున్న కాలు కూడా పట్టేసింది. కుంటుతూ ప్రాక్టీసుకు వచ్చిన కెప్టెన్ పట్టుదల చూసి సంఘం కళ్లనీళ్లు పెట్టుకుంది. వీపు మీద అతని పేరుతో కొత్త జెర్సీ కుట్టించింది.

నిజం చెప్పేయొచ్చు కదా అంది భార్య ఫ్లోరెన్స్.

"జెర్సీ కుట్టించీసినారే," అన్నాడు బర్నబా. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

కొత్తవాళ్ల పేర్లు నమోదు చేయడానికి శనివారం ఆఖరు. ఆ పొద్దున ఎవరికీ చెప్పకుండా ఫెర్రీ ఎక్కి దలా వెళ్లాడు. హరి లేచి కుర్చీ వేశాడు. బర్నబా కూర్చోకుండానే, జీవితంలో మొదటిసారి, నిజాన్ని నిజంలా చెప్పాడు.

"నావల్ల కాదురా హరీ. నా జాగాలో నువ్వాడు. అడుక్కుంటన్నాను."

హరి తల దించుకున్నాడు. నిన్ననే సేక్కాన్ జట్టుకు సంతకం పెట్టేశాడట. రేపు ఫైనల్లో బర్నబా జట్టుకు ఎదురు నిలిచేది ఆ సేక్కానే.

"మీకాడికి రావాలనే ఉండీది బాబాయ్. మీరుండగా మీ జాగా లాగేసుకుంటే బాగుంటాదేటి? ఆనాదే కదా. అందుకే ఆల కాడికెల్లిపోనాను."

బర్నబా అప్పుడు కూర్చున్నాడు. ఫెర్రీ రెండుసార్లు వచ్చి వెళ్లినా లేవలేకపోయాడు.

ఫైనల్లో హరి నాలుగు గోల్స్ వేశాడు. వేసిన ప్రతిసారీ పరుగున వచ్చి, బర్నబా కాళ్లకు దండం పెట్టి వెళ్లాడు.