అత్తగారి ప్లేటులో వెనిగరు

మూడేళ్ళ అలక మాని అత్తగారు అల్లుడింటికి వచ్చారు. వస్తూ వస్తూ ఆరు పూల ప్లేట్ల సెట్టు కూడా తెచ్చారు. ఇంకొకరైతే సంబరపడి అందులో అన్నం పెట్టించుకునేవారు. అల్లుడు మాత్రం ఆ ఎర్ర పూలను చూసి "ఇందులో సీసం ఎంతుందో!" అనుకున్నాడు. పాపం, ఆయన ఉద్యోగమే అది. ప్లేట్ల నుంచి, కప్పుల నుంచి తిండిలోకి విషాలేమైనా దిగుతాయేమోనని ల్యాబులో పరీక్షిస్తాడు.

పొద్దున్నే పథకం వేశాడు. ఒక ప్లేటు సంచిలో వేసుకుపోవాలి. సీసముంటే పులుపుకు బయటికి దిగేలా వెనిగరు నీళ్ళు పోసి రోజంతా చీకటి అల్మరాలో ఉంచాలి. ఆ నీళ్ళు యంత్రానికి చూపించి, ప్లేటు కడిగి, రేపు సాయంత్రానికి గుట్టుచప్పుడు కాకుండా తెచ్చి పెట్టెయ్యాలి.

సాయంత్రం ఇల్లు చేరేసరికి అత్తగారు ప్లేట్లు లెక్కపెడుతున్నారు.

"ఆరు తెచ్చానే! ఐదే ఉన్నాయేం?"

భార్య కళ్ళెర్రజేసింది. "ఏవండీ, పగలగొట్టారా? అమ్మ మళ్ళీ అలిగిందంటే మీ సంగతి చెప్తా!"

"ఛఛ! అంత బాగుందని ఆఫీసులో చూపించడానికి తీసుకెళ్ళాను అత్తయ్యగారూ!" నోటికొచ్చింది అనేశాడు.

అత్తగారి మొహం చాటంత అయింది. "అలాగా బాబూ! అయితే రేపు నేనూ వస్తా. మిగతా ఐదూ చూపిద్దాం."

వద్దంటే అలక, సరేనంటే గుట్టు రట్టు. సరేనన్నాడు.

మర్నాడు ఆవిడ ల్యాబులో అడుగుపెట్టగానే పై అధికారిణి ఎదురొచ్చింది. "ఆ ప్లేటు మీదేనా అమ్మా? విషముందేమోనని మీ అల్లుడుగారు నిన్నటి నుంచి ఒకటే కంగారు!"

"విషమా? నా చేత్తో ఏరి కొన్నవాటిలోనా?" అత్తగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇప్పుడే బస్సెక్కుతా!"

అంతలో యంత్రం ఫలితం చెప్పింది. ప్లేటులో సీసం జాడే లేదు. బతికానురా దేవుడా అనుకుంటూ అల్లుడు తన కప్పులోని నిమ్మకాయ టీ ఒక గుటక వేశాడు.

అత్తగారు కళ్ళు తుడుచుకుని ఆ కప్పు వంక చూశారు. "దానికి పరీక్ష చేశారా?"

"దీనికెందుకండీ? ఇది మా ల్యాబువాళ్ళిచ్చిన బహుమతి. ఎనిమిదేళ్ళుగా ఇందులోనే తాగుతున్నా."

"పొయ్యండి వెనిగరు! అది తేలేదాకా నేను ఊరికి కదలను."

మర్నాడు ల్యాబులో ఆవిడ ఎదుటే తేలింది. సీసం ఉండదగ్గ హద్దుకు తొమ్మిది రెట్లు! అల్లుడు కుర్చీలో కూలబడ్డాడు. అత్తగారు అలక సంగతే మరిచిపోయి, "పద బాబూ, ముందు రక్తపరీక్ష చేయిద్దాం" అంటూ చెయ్యి పట్టుకుని లేవదీశారు.

సీసమంతా కప్పు లోపలి అంచున ఎర్రగా రాసిన అక్షరాల్లోనే ఉందట: 'ఉత్తమ భద్రతా అధికారి'.