సర్వేవాళ్ళ పుణ్యం, రాజమల్లు బీపీ

గుండె చురుగ్గా పనిచెయ్యాలంటే జిమ్‌కు పోనక్కర్లేదు. పొద్దున్నే లేచి సముద్రం ఒడ్డున పరుగెత్తనక్కర్లేదు. ముంబై కామాటిపురాలో గదులన్నీ వరసగా ఉండే ఏ పాత చాల్‌లోనో మీ పేరు మీద ఒక్క గది ఖోలీ ఉంటే సరిపోతుంది!

నమ్మరా? అయితే అలాంటి చాల్ రెండో అంతస్తులో ఉండే రాజమల్లును చూడండి. తాతలు పాలమూరు నుంచి వచ్చి ముంబైకి మేడలు కట్టారు. ఈయన ఆ మేడలకు రంగులు వేసి వేసి, ఒళ్ళు సహకరించక మానేసి, ఇప్పుడు తన చిన్న గది గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. ఊరికే కూర్చున్నాడనుకుంటున్నారా? తప్పు! ఆయన వ్యాయామం చేస్తున్నాడు.

చాల్‌ను కూల్చి బిల్డర్ టవర్ కడతాడట. పాత ఖోలీకి బదులు అందులో ఫ్లాట్ ఇస్తారట. ముందు సర్వే జరగాలి. ఖోలీ ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషి సర్వేవాళ్ళకు అందులో కనిపిస్తేనే ఫ్లాట్‌కు నంబర్ ఇస్తారు. ఎప్పుడొస్తారు? అది మాత్రం అడగకూడదు. పక్క గల్లీ బాలయ్య చుట్టాల పెళ్ళికని ఊరెళితే సరిగ్గా అప్పుడే వచ్చారు. తలుపుకు తాళం ఉందని రాసుకుని చక్కా పోయారు. అప్పటినుంచి బాలయ్య ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు, రాజమల్లు గుమ్మం దాటడం మానేశాడు.

ఇక చూడండి, టెన్షన్ చేసే సేవ! మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడితే చాలు, మెదడు ఉలిక్కిపడుతుంది. కూలీల మీద పెత్తనం చేసే ముకాదంలా గుండెను అదిలిస్తుంది. లే, పరుగెత్తు, సర్వే వచ్చింది! గుండె దడదడలాడుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ పైకెక్కి కూర్చుంటుంది. తీరా చూస్తే గ్యాస్ సిలిండర్ మనిషి. కాసేపటికి మళ్ళీ చప్పుడు. ఈసారి ఫాక్‌లాండ్ రోడ్డుకు పోవలసిన కొరియర్, దారి తప్పి ఇటొచ్చాడు. ఏ జిమ్ ట్రైనర్ ఇంత శ్రద్ధ చూపిస్తాడు చెప్పండి? పైగా ఫీజు కూడా లేదు.

మొదట్లో చప్పుడు ఆగిపోతే గుండె కూడా నెమ్మదించేది. అదంతా పాత పద్ధతి. రోజూ ఇదే తంతు కావడంతో ముకాదం పని ఆపమనడమే మరిచిపోయాడు. ఎక్కిన బీపీయే మామూలు బీపీ అని మెదడు ఖాయం చేసుకుంది. ఇప్పుడు నిద్రలోనూ డ్యూటీయే. సమ్మె చెయ్యకుండా, ఓవర్‌టైం అడగకుండా పనిచేసే ఇలాంటి కూలీని ముంబై ఎప్పుడైనా చూసిందా?

మొన్న ఆదివారం ముగ్గురు మెట్లెక్కి వచ్చారు. మెళ్ళో కార్డులు, భుజాన సంచులు. ఇంకేముంది! రాజమల్లు చొక్కా గుండీలు పెట్టుకుని, ఆధార్ కార్డు చేత పట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. ముందున్న మనాలి అనే అమ్మాయి చెయ్యి చాపమంది. చాపాడు. పట్టీ చుట్టి గాలి కొట్టింది. వేలిముద్రలు పోయి ఈ పద్ధతి వచ్చింది కాబోలు, ఖోలీలో ఉన్నది నిజంగా బతికున్న మనిషేనా అని చూస్తున్నారు కాబోలు అనుకుని ఆయన పూర్తిగా సహకరించాడు.

అంకె చూసి మనాలి మొహం మారింది. మళ్ళీ గాలి కొట్టింది. ఛాతీలో బరువుగా ఉందా, ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది. చాలా ఏళ్ళ నుంచి, ఇక్కడే, ఈ ఖోలీలోనే అని రాజమల్లు గర్వంగా చెప్పాడు. ఎక్కువ కాలం చెబితే హక్కు గట్టిపడుతుందని ఆయన నమ్మకం!

అప్పుడు ఆ అమ్మాయి తాను డాక్టర్‌నని, ఇది ఉచిత హెల్త్ క్యాంపని, తానూ వర్లి తెలుగువాళ్ళ పిల్లనేనని విడమరిచి చెప్పింది.

"తాతా, ఇప్పుడే దవాఖానకు పోవాలె. గుండె మీద మస్తు లోడ్ పడుతుంది."

రాజమల్లుకు అంతా అర్థమైపోయింది. ఇది బిల్డర్ మనుషుల ఎత్తు! దవాఖాన పేరు చెప్పి తీసుకుపోతారు, ఈలోగా సర్వే చేసి మనిషి లేడని రాసేస్తారు. ఎంత తెలివి!

"నేను రాను. సర్వే అయినంక సస్త," అన్నాడు.

చొక్కా చెమటతో తడిసిపోతోంది, ఎడమ చెయ్యి లాగేస్తోంది, అయినా కుర్చీ వదలడు. లోపల గిన్నెలు తోముతున్న భార్య రత్నాబాయి కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆయన మొహం చూడగానే ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి. అయినా గట్టిగా గదమాయించింది.

"గోడ మీద దండేసిన ఫోటోకు సర్వేవాలే నంబర్ ఇయ్యరు. లెవ్వు."

రాజమల్లు ఖాళీ గోడ వైపు కాసేపు చూశాడు. చూసి, లేచాడు.

వచ్చింది గుండెపోటేనని, సమయానికి వచ్చాడు కాబట్టి బతికాడని దవాఖానలో చెప్పారు. కొడుకు శైలేష్ అక్కడే ఉండి చూసుకుంటున్నాడు. ఇక్కడ గుమ్మంలో కుర్చీ ఖాళీగా లేదు, రత్నాబాయి కూర్చుంది. ఖోలీ ఆమె పేరు మీద లేదు, అయినా తలుపుకు తాళం పడకూడదు కదా! మెట్ల మీద చప్పుడైతే ఇప్పుడు ఉలిక్కిపడేది ఆమె.

ఇంటికి పంపే ముందు పెద్ద డాక్టరు గోళీలు రాసిచ్చి, ఇకమీదట టెన్షన్ పెట్టుకోకూడదని గట్టిగా హెచ్చరించాడు. రాజమల్లు బుద్ధిగా తలూపి ఒక్కటే అడిగాడు.

"గోళీలు మింగుత సాబ్. సర్వే ఏ తారీఖుకో గదొక్కటి రాసియ్యి."

డాక్టరు పెన్ను మూసేశాడు. తారీఖు రాసే అధికారం ఆయనకు లేదు. ఆ అధికారం ఉన్నవాళ్ళకు బీపీ లేదు.