పులికి మధ్యాహ్నం తీరిక

నారాయణగూడలో స్టీలు సామాన్ల దుకాణం నడిపే బాలకిషన్ పెళ్లయిన కొత్తలో భార్య రాగిణి ముందు ఒక గొప్ప చెప్పుకున్నాడు. నల్లమలలో పులి ఎదురైతే తాను కళ్లలోకి కళ్లు పెట్టి చూశాడట, అదే సిగ్గుపడి పక్కకు తప్పుకుందట. నిజానికి ఆయన చూసింది బస్సు కిటికీలోంచి ఒక అడవిపంది వీపు.

ఆ అబద్ధం చిక్కడపల్లి ఇంట్లో పాతికేళ్లు హాయిగా బతికింది. బర్కత్‌పుర చుట్టాలు వచ్చినప్పుడల్లా పులిని ఇంకో మూరెడు పెంచేవాడు.

ఈ వేసవిలో రాగిణికి ఒక కోరిక పుట్టింది. పొద్దున పోయి రాత్రికల్లా తిరిగొచ్చేంత దూరంలో సఫారీ ఉందట. పులి ముందు ఆయన ఎట్లా నిలబడతాడో కళ్లారా చూడాలట. పులి వాసన ఎట్లుంటది, జీపుకు తలుపులుంటాయా అని ఒకటే ఆరా.

బాలకిషన్‌కు ఇడ్లీ గొంతులో అడ్డం పడింది. పోనంటే పరువు పోతుంది, పోతే ప్రాణం పోతుంది. రెండు రోజులు బుర్ర గోక్కుని ఉపాయం కనిపెట్టాడు.

"పొద్దున వద్దు. మధ్యాహ్నం ట్రిప్పు పోదాం," అన్నాడు గంభీరంగా.

"మే నెల ఎండల్నా?"

"పులికి గప్పుడే తీరిక."

మనసులో లెక్క వేరు. మే నెల మధ్యాహ్నం తానే దుకాణం షట్టర్ దించి కూలర్ ముందు గుర్రు పెడతాడు. ఒంటి నిండా బొచ్చున్న జంతువు బయటికెందుకొస్తుంది? రాగిణి మారుమాట లేకుండా సరేనంది. ఆయన అప్పుడే అనుమానించాల్సింది, పాపం.

ఆదివారం జీపెక్కారు. ఆకు కదలడం లేదు, ఒక్క కోతి కూడా కనబడలేదు. బాలకిషన్‌కు ధైర్యమొచ్చి లేచి నిలబడ్డాడు. ఆనాడు పులి ఎట్లా జంకిందో డ్రైవర్‌కు నటించి చూపిస్తుండగా జీపు నీటిగుంట దగ్గర ఆగింది.

గుంటలో నడుం దాకా మునిగి పులి కూర్చుంది. తీరిగ్గా తల తిప్పి ఈయననే చూసింది.

మరుక్షణం బాలకిషన్ సీటు కింద ఉన్నాడు. రాగిణి మాత్రం ఆ చారలను, ఆ మీసాలను, నీళ్లు తాగే నాలుకను తనివితీరా చూసింది. పులి లేచి పొదల్లోకి వెళ్లాకే మొగుడి కోసం వెతికింది.

"ఎండకాలం మధ్యాహ్నం పులి నీళ్లల్లనే కూసుంటదట. సఫారీవాళ్లకు ఫోన్ చేసి ముందే అడిగిన," అంది మెల్లగా. "ఈ ఎండల మిమ్మల్ని ఎట్ల తోల్కరావాల్నో అని పరేషాన్ల ఉంటి. మీరే అన్నరు."

ఈ సంగతి చుట్టాలకు తెలియనీయొద్దని సీటు కిందినుంచే బతిమాలాడు బాలకిషన్.

"ఎవ్వరికీ చెప్ప," అని కొంగు సర్దుకుంది రాగిణి. "కానీ ఇగ మీదట చుట్టాలొస్తే పులి ముచ్చట నేను చెప్త. మీరు లోపల చాయ్ పెట్టుర్రి."