గిరిజన బాలిక పాత్రలో నిర్మలా టీచరు

కొండ మీది పిల్లల్లో సైన్సంటే భయం పోగొట్టి తీరాలని ప్రభుత్వం గట్టిగా నిర్ణయించుకుంది. పిల్లల భయం పోవాలంటే టీచర్లకు శిక్షణ కావాలి, శిక్షణ కావాలంటే టీచర్లు బడి వదిలి రావాలి. ఇంత చక్కటి ఆలోచన వచ్చాక ఆపేవాడెవడు? తొలి విడతగా పాతిక బళ్ళకి తాళాలు పడ్డాయి.

హుకుంపేట అవతల కొండ మీద బడికి ఒక్కగానొక్క టీచరు నిర్మల. ఆవిడా తాళం వేసి శిక్షణకని అరకు బయల్దేరింది. ఏడో తరగతి చదివే కనక అనే పిల్ల తల్లి అచ్చియమ్మ దారికి అడ్డమొచ్చింది.

"సోమారానికి బడి తెరుత్తావా టీచరమ్మా? నేదంటే మా గుంటని కాఫీ పళ్ళ కోతకి తోలెత్తాను. ఒకపాలి ఎల్లిందంటే మరి బడి మొకం సూడదు."

"తెరుస్తానే అచ్చియమ్మా, నా మాట నమ్ము" అంది నిర్మల. సర్కారు ఉద్యోగంలో ఉండి కూడా మాటిచ్చేసింది, పిచ్చితల్లి!

శిక్షణకు అధిపతి దేవీప్రసాద్ గారు. మహా మేధావి. శుక్రవారం మంత్రిగారి ముందు పిల్లలతో నమూనా పాఠం చూపించాలి. పిల్లలేరీ? బళ్ళు మూసేశారు కదా! ఆయన క్షణం తడుముకోలేదు. టీచర్లనే పిల్లల్ని చేసేశారు. నిర్మలకి గిరిజన బాలిక వేషం దక్కింది.

"అలా సూటిగా చూడకూడదమ్మా. గిరిజన బాలిక సిగ్గుపడాలి."

"నేను గిరిజన బాలికగానే పెరిగాను సార్."

"అందుకే నీకు తెలియడం లేదు" అని ఆయన టై కొస నోట్లో పెట్టుకుని మెలికలు తిరిగి చూపించారు. హాలంతా మెలికలు తిరిగింది.

"సోమవారానికి నన్ను వదిలేయండి సార్. ఓ పిల్ల చదువు ఆగిపోతుంది."

"ఒక్క పిల్ల గురించి ఆలోచిస్తూ కూర్చుంటే పిల్లల కోసం ఎప్పుడు పని చేస్తామమ్మా?" అన్నారాయన, ఎంతో ఓర్పుగా.

శుక్రవారం మంత్రిగారొచ్చారు. దండలయ్యాయి, అయస్కాంతం పాఠమైంది. "పిల్లలూ, ప్రశ్నలడగండి!" అన్నారు దేవీప్రసాద్ గారు.

నిర్మల లేచింది. ఇక తాడో పేడో అనుకుంది.

"మా బడికి తాళమేసేసినారు బాబూ. మా టీచరమ్మని మీరు ఇక్కడికి తోలుకొచ్చేసినారు. ఎప్పుడంపుతారు? మా యమ్మ నన్ను కోతకి పంపేత్తాదంట."

దేవీప్రసాద్ గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. మంత్రిగారు మాత్రం కండువాతో కళ్ళొత్తుకున్నారు.

"అబ్బబ్బ, ఏం నటనయ్యా! ప్రశ్నించడమే కదా సైన్సంటే!"

"నటన కాదు సార్, నిజంగానే మా బడి..."

"చూశారా? ఇంకా పాత్రలోంచి బయటికి రాలేకపోతోంది!" అన్నారు మంత్రిగారు.

చప్పట్లతో పైకప్పు రేకులు అదిరిపోయాయి. మంత్రిగారు అక్కడికక్కడే ఉత్తర్వు ఇచ్చేశారు. నిర్మల ఇక అరకులోనే ఉండి, ఇలా అడగడం ఏజెన్సీ టీచర్లందరికీ నేర్పాలి.

సోమవారం కొత్త బ్యాచి దిగింది. పక్క కొండ బడి టీచరమ్మ సోములమ్మ నిర్మలని చూసి దగ్గరికొచ్చింది.

"మీ కనక దారిలో కనబడింది మేడమ్. బుట్ట తగిలించుకుని కాఫీ తోటకి ఎల్తంది."

నిర్మలకి ఏడుపు ఆగలేదు. బోర్డు పట్టుకుని అలాగే నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

దేవీప్రసాద్ గారు మైకు అందుకున్నారు. "గమనించారా? అందరూ రాసుకోండి."